అరవై అడుగుల దారిలో ఎర్ల్ ఆంథొనీ



ఈరోజు మీకొక బౌలర్ గురించి చెప్తాను. క్రికెట్ బౌలర్ కాదు. హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో మాల్‌కి వెళ్ళినప్పుడు చూసే ఉంటారు. పిల్లలు అద్దె బూట్లు వేసుకుని, బరువైన బంతిని నేల మీద దొర్లించి, ఆ చివర నిలబెట్టిన తెల్లటి పిన్నుల్ని పడగొడుతుంటారు. ఆ ఆట సంగతి చెప్తున్నాను. మనకది సెలవు రోజు సరదా. అమెరికాలో మాత్రం అది కొందరికి బతుకుతెరువు. ఆ బతుకుతెరువులో దిగి, 1970ల్లో తనకు సాటి లేరనిపించుకున్న మనిషి ఎర్ల్ ఆంథొనీ.

పేరు గుర్తుంచుకోండి. ఎర్ల్ ఆంథొనీ. ఎడమ చేతి వాటం. కళ్ళద్దాలు. పొట్టిగా కత్తిరించిన జుట్టు. అమెరికా కుర్రాళ్ళంతా జుట్టు భుజాల దాకా పెంచుకుంటున్న రోజుల్లో కూడా ఆ క్రాపు మార్చలేదు. తోటి ఆటగాళ్ళు అతన్ని కాస్త వెక్కిరింపుగా, కాస్త ముద్దుగా ‘స్క్వేర్ ఎర్ల్’ అనేవాళ్ళు. చూస్తే బ్యాంకులో పద్దులు రాసే గుమస్తా అనుకుంటారు. ఆటగాడని ఎవరూ అనుకోరు.

అతని ఆట గొప్పతనం తెలియాలంటే ముందు ఆట తెలియాలి. ఒక్క నిమిషం ఊహించుకోండి. మీ ముందు నున్నటి చెక్క నేల. దాన్ని లేన్ అంటారు. వెడల్పు మూడున్నర అడుగులు. మీరు బంతి వదిలే గీత దగ్గర్నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. రెండు పక్కలా సన్నటి కాలవలు. బంతి కాలవలోకి జారిందా, ఆ బంతి వృథా. ఆ చివర పది పిన్నులు త్రికోణంలా నిలబడి ఉంటాయి. త్రికోణం కొస మీ వైపు ఉంటుంది. మీ చేతిలో బంతి. ప్రొఫెషనల్ ఆటగాడి బంతి ఏడు కిలోల దాకా తూగుతుంది.

ఒకే బంతికి పదీ పడితే స్ట్రైక్. ఏవైనా మిగిలి, రెండో బంతికి అవి పడితే స్పేర్. వరుసగా పన్నెండు స్ట్రైకులు కొడితే స్కోరు 300. దానికి మించిన స్కోరు ఈ ఆటలో లేదు.

పన్నెండు బంతులేగా అనిపిస్తోందా? ఒక ఉదాహరణ చెప్తాను. 1970లో ఒహాయో రాష్ట్రం ఏక్రన్ పట్నంలో ‘టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్’ ఫైనల్ జరుగుతోంది. డాన్ జాన్సన్ అనే ఆటగాడు వరుసగా పదకొండు స్ట్రైకులు కొట్టాడు. ఇంకొక్కటి కొడితే 300. పది వేల డాలర్ల బహుమతి, కొత్త కారు. పన్నెండో బంతి వేశాడు. బంతి వెళ్ళవలసిన చోటికే వెళ్ళింది. తొమ్మిది పిన్నులు పడ్డాయి. ఒక మూల పిన్ను మాత్రం కదల్లేదు. జాన్సన్ అక్కడే నేల మీద బోర్లా పడిపోయాడు. 299. మ్యాచ్ గెలిచాడు. కారు, ఆ పది వేలు పోయాయి. మంచి బంతికి కూడా పూచీ లేని ఆట ఇది.

ఎందుకు పూచీ లేదు? చక్కటి స్ట్రైకులో బంతి తగిలేది పది పిన్నులకూ కాదు. నాలుగింటికే. మిగతా ఆరింటినీ పిన్నులే పడగొట్టాలి. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని కొట్టుకుంటూ పోవాలి. బంతి తాకే చోటు వేలెడంత పక్కకు జరిగితే ఆ వరుస తెగిపోతుంది. ఒక పిన్ను నిలబడిపోతుంది.

ఇంకా అసలు చిక్కు ఉంది. అది కంటికి కనపడదు. లేన్ మీద పల్చగా నూనె పూస్తారు. నూనె ఉన్నచోట బంతి జారుతుంది. లేనిచోట పట్టు దొరికి వంపు తిరుగుతుంది. ఆటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వేస్తుంటే బంతులు ఆ నూనెను చెరిపేస్తాయి. కళ్ళాపి చల్లిన వాకిట్లో నాలుగు సైకిళ్ళు వెళ్తే చారలు పడతాయే, అలా అన్నమాట. పొద్దున పదింటికి స్ట్రైక్ ఇచ్చిన బంతి మధ్యాహ్నం రెండింటికి ఇవ్వదు. వేసే మనిషి అదే, చెయ్యి అదే, బంతి అదే. లేన్ మారిపోయింది.

ఎర్ల్ ఆంథొనీ కథంతా ఇక్కడే ఉంది. చూసేవాళ్ళకి అతను ప్రతిసారీ ఒకే బంతి వేసినట్టుండేది. అదే నడక, అదే ఊపు, అదే వేగం. ‘మిషన్’ అని పేరు పెట్టారు. కానీ మారిపోతున్న లేన్ మీద ఒకే బంతి వేస్తే ఫలితం ఒకేలా ఉండదు. అతను గంటగంటకూ మారేవాడు. నిలబడే చోటు కాస్త జరిగేది. చూసే గురి కాస్త జరిగేది. వేగం పిసరంత తగ్గేది. ఫలితం మారకుండా ఉండటానికి అతను మారేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్ళీ మళ్ళీ అవసరం పడుతుంది.

ఇతను చిన్నప్పట్నుంచీ బంతి పట్టుకు పెరిగిన పిల్లాడేమీ కాదు. 1938లో పుట్టాడు. అమెరికా వాయవ్య మూలన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం, టకోమా ప్రాంతం. కుర్రవాడిగా కోరుకున్నది బేస్‌బాల్. ఎడమ చేత్తో బంతి విసిరే పిచ్చర్ కావాలనుకున్నాడు. గాయం ఆ దారి మూసేసింది. కిరాణా సరుకుల టోకు కంపెనీ గిడ్డంగిలో ఉద్యోగంలో చేరాడు. ఆ రోజుల్లో అమెరికాలో చాలా ఫ్యాక్టరీలకీ కంపెనీలకీ ఒక బౌలింగ్ జట్టు ఉండేది. పని దిగాక కార్మికులు వెళ్ళి ఆడుకునే ఆట అది. ఆంథొనీ కంపెనీ జట్టులో చేరాడు. అప్పటికి ఇరవై ఒక్కేళ్ళు. ఆ వయసుకి చాలామంది ఛాంపియన్లు ఏళ్ళ తరబడి ఆడి ఉంటారు. ఇతను అప్పుడే ఆట మొదలుపెట్టాడు.

1963లో ధైర్యం చేసి ప్రొఫెషనల్ టూర్‌కి వెళ్ళాడు. టూర్ అంటే వారానికో ఊరు. కారులో బంతులు వేసుకుని ఊరూరూ తిరగాలి. గెలిస్తే డబ్బు. ఓడితే పెట్రోలు ఖర్చు, హోటల్ ఖర్చు, తిండి ఖర్చు అన్నీ సొంతం. ఆంథొనీకి పైసా రాలేదు. ఇంటికి తిరిగొచ్చాడు. మళ్ళీ ఉద్యోగం, మళ్ళీ సాధన. ఏళ్ళు గడిచాయి. 1970లో సియాటిల్‌లో, అంటే తన ఊరి పక్కనే, మొదటి టైటిల్ గెలిచాడు. అప్పటికి ముప్పై రెండేళ్ళు. ఇతని గెలుపులు ముప్పై దాటాకే మొదలయ్యాయి.

ఒక్కసారి మొదలయ్యాక ఇక ఆగలేదు.

అప్పుడు ఆ ఆటకున్న వైభవం ఎలాంటిదో చెప్పాలి. 1958లో ఎడ్డీ ఇలియాస్ అనే లాయరు ప్రొఫెషనల్ బౌలర్ల సంఘం పెట్టాడు. దాన్ని పీబీఏ అంటారు. 1960ల నుంచి ఏబీసీ టీవీలో శనివారం మధ్యాహ్నాలు ఈ ఆట వచ్చేది. క్రిస్ షెంకెల్ నెమ్మదైన గొంతుతో వ్యాఖ్యానం చెప్పేవాడు. ఎంతోమంది ఇంట్లో కూర్చుని చూసేవారు. టీవీలోకి వచ్చేది మాత్రం ఐదుగురే. వారమంతా పదుల కొద్దీ గేములు ఆడి, వందమందిని దాటి, మొదటి ఐదు స్థానాల్లో నిలిచినవాళ్ళు. శనివారం నాడు ఐదోవాడు నాలుగోవాడితో ఆడతాడు. గెలిచినవాడు మూడోవాడితో. అలా ఒక్కో మెట్టూ ఎక్కి చివరికి మొదటివాడి ముందు నిలబడాలి.

మరి ఎర్ల్ ఆంథొనీ ఆ ఐదుగురిలో ఎన్నిసార్లు ఉన్నాడో తెలుసా? 144 సార్లు. మరోసారి చెప్తాను, 144 సార్లు. శనివారం టీవీ పెట్టినవాళ్ళకి ఆ క్రాపు, ఆ కళ్ళద్దాలు ఇంట్లో మనిషి మొహమంత అలవాటైపోయాయి.

ఇక 1975. ఆ ఏడాది గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒక్క ఏడాదిలో ఏడు టైటిళ్ళు గెలిచాడు. టూర్‌లో ఏడాదికి ఒక్కటి గెలిస్తే మంచి ఏడాది అంటారు. రెండు గెలిస్తే గొప్ప ఏడాది. ఇతను ఏడు గెలిచాడు. ఒక్క సీజన్లో లక్ష డాలర్లు సంపాదించిన మొదటి బౌలర్ అయ్యాడు. అప్పటిదాకా ఆ ఆటలో అంత డబ్బుందని ఎవరూ అనుకోలేదు. పీబీఏ నేషనల్ ఛాంపియన్‌షిప్ ఈ వృత్తిలో పెద్ద పోటీల్లో ఒకటి. దాన్ని 1973లో గెలిచాడు. 1974లో గెలిచాడు. 1975లోనూ గెలిచాడు. మూడేళ్ళు వరుసగా. 1974, 75, 76 మూడేళ్ళూ ‘ప్లేయర్ ఆఫ్ ది ఇయర్’ అతనే.

ఇంత గెలిచినవాడిని లోకం ఊరికే వదిలిపెట్టదు కదా. ఒక గొణుగుడు మొదలైంది. ఎడమ చేతివాడు కాబట్టి గెలుస్తున్నాడు అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఎక్కువమంది కుడి చేతివాళ్ళే. అందరూ కుడివైపు నూనెనే చెరిపేస్తారు. ఎడమవైపు తక్కువ చెరుగుతుంది. కాబట్టి ఎడమ చేతివాడికి లేన్ ఎక్కువసేపు మారకుండా ఉంటుంది. సరే, ఒప్పుకుందాం. కానీ టూర్‌లో అతనొక్కడే ఎడమ చేతివాడు కాదు. జానీ పెట్రాగ్లియా ఉన్నాడు. డేవ్ డేవిస్ ఉన్నాడు. వాళ్ళూ మంచి ఛాంపియన్లే. వాళ్ళకీ అదే ఎడమవైపు, అదే నూనె. వాళ్ళెవరూ ఆంథొనీ అన్ని టైటిళ్ళు గెలవలేదు. పైగా కొన్ని ఊళ్ళలో ఎడమవైపే ఆడటానికి కష్టంగా ఉండేది. అక్కడా అతను గెలిచేవాడు.

లేన్‌తో పాటు బంతులూ మారుతూ వచ్చాయి. మొదట్లో రబ్బరు బంతులు. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. డాన్ మెక్యూన్ అనే ఆటగాడు 1973లో బంతిని రసాయనంలో నానబెట్టి మెత్తబరిచాడు. మెత్తటి బంతి నేలను గట్టిగా పట్టుకుంటుంది. ఆ ఏడాది మెక్యూన్‌ని ఆపడం ఎవరివల్లా కాలేదు. ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అతనే అయ్యాడు. తర్వాత బంతి గట్టిదనానికి నిబంధన పెట్టారు. 1980ల మొదట్లో యురేథేన్ బంతులు వచ్చి ఆట మళ్ళీ మారింది. ఇలా మారిన ప్రతిసారీ కొందరు పైకి వచ్చారు, కొందరు కనపడకుండా పోయారు. రబ్బరు రోజుల్లోనూ, ప్లాస్టిక్ రోజుల్లోనూ, యురేథేన్ రోజుల్లోనూ గెలిచినవాడు ఆంథొనీ. ఇందాక చెప్పిన మాట మళ్ళీ చెప్తున్నాను. ఫలితం మారకుండా ఉండటానికి అతను మారేవాడు.

1970ల చివరికి ఒక కొత్త కెరటం వచ్చింది. మార్క్ రోత్. కుడి చేతివాడు, కుర్రవాడు. బంతిని ఒడుపుగా కాదు, విసురుగా వేసేవాడు. బంతి గిర్రున తిరుగుతూ వెళ్ళి పిన్నుల్ని చెల్లాచెదురు చేసేది. జనం వెర్రెత్తిపోయారు. 1977, 78, 79 మూడేళ్ళూ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ రోత్. 1978లో ఒక్క ఏడాదే ఎనిమిది టైటిళ్ళు గెలిచి ఆంథొనీ ఏడింటినీ దాటేశాడు. ఇక పాతతరం పని అయిపోయిందన్నారు.

ఆ 1978లోనే ఆంథొనీకి గుండెపోటు వచ్చింది. వయసు నలభై. ఏడు కిలోల బంతిని రోజూ పదుల గేములు విసరడమే వృత్తిగా ఉన్నవాడికి గుండెపోటు. అక్కడితో ఆట మానేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అప్పటికే చరిత్రలో అతని పేరు చేరిపోయింది. కానీ అతను మానలేదు. కొన్ని నెలల్లోనే మళ్ళీ లేన్ మీదికి వచ్చాడు.

వచ్చి ఏం చేశాడు? 1981లో పీబీఏ నేషనల్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 1982లో మళ్ళీ గెలిచాడు. 1983లో మళ్ళీ గెలిచాడు. 1981, 82, 83 మూడేళ్ళూ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ కూడా అతనే. 1973 నుంచి మూడేళ్ళు వరుసగా గెలిచిన పోటీనే, గుండెపోటు తర్వాత, నలభై దాటాక, మళ్ళీ మూడేళ్ళు వరుసగా గెలిచాడు. మొత్తం ఆరుసార్లు. మధ్యలో ఆట మారింది, బంతి మారింది, ఎదురు నిలబడ్డ తరం మారింది. అతని స్థానం మాత్రం తిరిగి మొదటిదే అయింది.

ఆ 1982 నాటి పోటీ ఒహాయోలోని టొలీడోలో జరిగింది. ఫిబ్రవరి 27. ఆ విజయంతో అతని మొత్తం సంపాదన పది లక్షల డాలర్లు దాటింది. బౌలింగ్ చరిత్రలో ఆ గీత దాటిన మొదటి మనిషి అతనే. గిడ్డంగిలో సరుకులు మోసినవాడు, మొదటి టూర్‌లో పైసా రాక ఇంటికి తిరిగొచ్చినవాడు, ఈ ఆటకి మొదటి మిలియన్ డాలర్ల మనిషి అయ్యాడు.

అంతా గెలుపేనా? కాదు. యూఎస్ ఓపెన్ అని మరో పెద్ద పోటీ ఉంది. దాన్ని ఆంథొనీ ఎన్నడూ గెలవలేదు. చివరి మెట్టు దాకా వచ్చి ఒకటికి రెండుసార్లు ఓడిపోయాడు. 1979లో జో బెరార్డీ చేతిలో, ఆ మరుసటి ఏడాదే స్టీవ్ మార్టిన్ చేతిలో. అన్ని పోటీల్లోకీ కష్టమైన లేన్ ఉండేది అక్కడే అంటారు. ఎంతటివాడికైనా దొరకని మెట్టొకటి ఉంటుంది. ఇతనికి అదీ.

తర్వాత అతను ఉత్తర కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో తన పేరు మీద బౌలింగ్ కేంద్రం నడిపాడు. టీవీలో విశ్లేషణ చెప్పాడు. సీనియర్ల టూర్‌లో కూడా గెలిచాడు. కీళ్ళనొప్పులు వచ్చాక ఆట పూర్తిగా విరమించాడు. 2001లో ఒక స్నేహితుడి ఇంట్లో మెట్ల మీంచి పడి చనిపోయాడు. అరవై మూడేళ్ళు.

ఆట విరమించేనాటికి లెక్కలో ఉన్న టైటిళ్ళు 41. మాస్టర్స్ అనే పోటీని అతను 1977లో, 1984లో గెలిచాడు. అది సంఘం లెక్కలో ఉండేది కాదు. 2008లో వాటినీ కలిపారు. ఇప్పుడు లెక్క 43. వాటిలో పది మేజర్లు, అంటే పెద్ద పోటీలు.

ఆ రికార్డులు ఇప్పుడు నిలబడి లేవు. వాల్టర్ రే విలియమ్స్ 2006లో 41ని దాటాడు. చివరికి 47 టైటిళ్ళ దాకా వెళ్ళాడు. ఆస్ట్రేలియావాడు జేసన్ బెల్మాంటే రెండు చేతులతో బంతి పట్టుకుని వేస్తాడు. మొదట్లో అందరూ నవ్వారు. అతను 15 మేజర్లు గెలిచాడు. రికార్డు అన్నాక ఎవరో ఒకరు దాటుతారు. దాటాలి కూడా.

అయినా సంఘం యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో నిపుణులు కూర్చుని, ఈ యాభై ఏళ్ళలో అందరికంటే గొప్ప ఆటగాడెవరని ఎంచినప్పుడు మొదటి పేరు ఎర్ల్ ఆంథొనీ. టైటిళ్ళలో అతన్ని దాటేసిన విలియమ్స్ రెండో స్థానంలో నిలిచాడు. అంకెల్లో వెనకబడ్డవాడిని ముందు పెట్టారంటే, వాళ్ళు చూసింది అంకెల్ని మాత్రమే కాదు. రెండు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు రకాల బంతులతో, మధ్యలో గుండెపోటును దాటి, రెండుసార్లు శిఖరం ఎక్కినవాడు మరొకడు లేడు. నా తీర్పు కూడా అదే.

చివరిగా, శ్రోతల్లారా, ఒక చిన్న మాట. ఈసారి పిల్లల్ని తీసుకుని బౌలింగ్ ఆడటానికి వెళ్తే, మీరు నిలబడే గీతకి ఓ పదిహేనడుగుల ముందు, లేన్ మీద చిన్న బాణం గుర్తులుంటాయి. చూడండి. మనం పిన్నుల వైపు చూసి వేస్తాం. ఆరితేరినవాళ్ళు ఆ బాణాల వైపు చూసి వేస్తారు. దూరంగా ఉన్న పిన్నుల కంటే దగ్గరున్న గుర్తుకి గురి కుదురుతుంది. మీరూ బాణం చూసి వేయండి. బంతి ఎటు వంపు తిరిగిందో గమనించండి. తర్వాతి బంతికి కొద్దిగా పక్కకి జరిగి మళ్ళీ వేయండి. పిల్లలకీ అదే నేర్పండి. ఓడిపోయిన బంతిని మళ్ళీ అలాగే వేయకండి. కాస్త మార్చి వేయండి. ఎర్ల్ ఆంథొనీ జీవితమంతా చేసింది అదే.